పెరటి కోళ్లకు పాముల బెడద: పంచాయతీల కర్తవ్యము

సికిందరాబాదు రైల్వే స్టేషనుకు చేరువనున్న చిలకలగూడ నేడు మహానగరములో ఒక పేట. అయినను దాని పేరులోని ‘గూడ’ అను మాట చిన్న పల్లెను తలపించుచున్నది. నగరమైనను పల్లెయైనను, పెరటిలో నూకలు చల్లి కోళ్లను పెంచుచోట ఎలుకలు చేరును; ఎలుకల వెంట పాములు వచ్చును. ఈ వరుసను గ్రహించినచో నివారణోపాయము సులభమగును.

పెరటి కోడి పేదకుటుంబమునకు చేతిలోని రొక్కము వంటిది. రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు ఇట్టి పెంపకమునకు అనువైనవి. వీని పిల్లలను మొదటి ఆరు వారములు మూసిన గదిలో పెంచి, పిమ్మట పెరటిలోనికి విడువవలెను. చిన్న పిల్లలు, గ్రుడ్లు జెర్రిపోతునకును నాగుపామునకును సులభముగా దొరకు ఆహారము.

గూటిని నేలకు రెండడుగుల ఎత్తున నిలిపి, అన్ని ప్రక్కల పావు అంగుళము కన్నుల ఇనుప వలను బిగింపవలెను. కన్నులు పెద్దవైనచో పాము లోనికి దూరి, గ్రుడ్డు మ్రింగి, ఉబ్బిన కడుపుతో వెలుపలికి రాలేక అచ్చటనే చుట్టుకొని యుండవచ్చును. వేకువ చీకటిలో గ్రుడ్లకై చేయి చాచు ఇల్లాలికి అదియే ప్రాణాపాయము. కావున గ్రుడ్లను ప్రొద్దు క్రుంకకమునుపే తీయవలెను. చీకటిలో దీపము లేక గూటిలో చేయి పెట్టరాదు. మిగిలిన మేతను ఊడ్చి, ధాన్యమును మూతగల డబ్బాలలో ఉంచవలెను. కట్టెల మోపులను, రాళ్ల కుప్పలను గూటికి దూరముగా నుంచవలెను. చేపల వలలు కట్టుట, ఘాటైన మందులు చల్లుట నమ్మదగిన ఉపాయములు కావు.

జెర్రిపోతు విషము లేనిది. ఎలుకలను తిని పంటను కాపాడునది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికిని నాగుపామునకును రక్షణ కల్పించుచున్నది. పామును చంపబూనుటకంటె దూరముగా నిలిచి అటవీశాఖకు కబురు పంపుట క్షేమము. పట్టబోయి కాటు తినుట తరచుగా జరుగుచున్నది.

పాము కరచినచో కట్టు బిగించుట, గాయమును కోయుట, మంత్రగాని యొద్దకు పోవుట కూడదు. కరచిన అవయవమును కదలనీయక, 108 వాహనమును పిలిచి, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమునకును విరుగుడు మందు ఒక్కటే. ఆలస్యమే ప్రాణమును తీయును.

ఒక ఇల్లు శుభ్రముగా నున్నను ప్రక్కయింటి పెంటకుప్ప ఎలుకలను పోషించుచుండిన ఫలమేమి? అందుచేత ఈ పని పంచాయతీది. చెత్తను క్రమముగా తొలగింపుడు, వీథిదీపములను వెలిగింపుడు, అటవీశాఖ ఫోను నంబరును, విరుగుడు మందు దొరకు ఆసుపత్రి పేరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. వానకాలమునకు ముందే మన సభ్యులు ఈ విషయమును సమావేశములో చర్చింతురని ఆశించుచున్నాము.