దిగ్గున లేస్తే కండ్లు తిరుగుతాయి, ఎందుకు?

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లు చాలామంది. గుంటమగ్గం దగ్గర కూర్చుంటే కాళ్లు గుంటలో ఉంటాయి. గంటల తరబడి అట్లే పని. భోజనానికని దిగ్గున లేస్తారు. కొందరికి కండ్లు మసకబారతాయి. చెమట పోస్తుంది. ఒక్కోసారి పడిపోతారు. దీన్నే సొమ్మసిల్లడం అంటారు.

"గాలి సోకింది" అని కొందరు చేతిలో తాళంచెవులు పెడతారు. గాలీ కాదు, దయ్యమూ కాదు. ఇది రక్తం, నరాల సంగతి.

మనం లేచి నిలబడగానే అరలీటరు, ఇంకా ఎక్కువే, రక్తం కాళ్లలోకీ కడుపులోకీ దిగుతుంది. మోటారు జోరు తగ్గితే మిద్దె మీది తొట్టికి నీళ్లు ఎక్కవు కదా! మన మెదడు మిద్దె మీది తొట్టి లాంటిదే. అందుకే మెడ రక్తనాళాల్లో, గుండె దగ్గరి పెద్ద నాళంలో కాపలా నరాలున్నాయి. రక్తపోటు తగ్గగానే అవి మెదడుకు కబురు పెడతాయి. మెదడు వెంటనే గుండెను వేగంగా కొట్టుకోమంటుంది. రక్తనాళాలను బిగుసుకోమంటుంది. క్షణాల్లో అంతా సర్దుకుంటుంది. మనకు తెలియనే తెలియదు.

ఈ ఏర్పాటు తప్పితే మనిషి పడిపోతాడు. సూదిని చూసి భయపడినా, రక్తం చూసినా కొందరి నరాలు తలకిందులుగా పనిచేస్తాయి. గుండె నిదానిస్తుంది. నాళాలు వదులవుతాయి. హిందూపురం మార్కెట్టులో ఎండకు చాలాసేపు నిలబడినా ఇట్లే కావచ్చు. పెనుకొండ కొండెక్కి టక్కున ఆగినా రక్తం కాళ్లలోనే నిలుస్తుంది. పడుచువాళ్లకు మామూలుగా దీనివల్ల ప్రాణభయం లేదు. పడినప్పుడు తగిలే దెబ్బతోనే భయం.

పెద్దవాళ్ల సంగతి వేరు. చక్కెర జబ్బు ఏండ్ల తరబడి ఉంటే ఆ నరాలే చెడిపోవచ్చు. కొన్ని బి.పి. మాత్రల వల్ల కూడా కండ్లు తిరుగుతాయి.

ఒక నేతగాడు రెండుసార్లు పడ్డాడు. "ఈ మాత్రల వల్లే అప్పా, మానేస్తా" అన్నాడు కొడుకుతో. "మానొద్దు నాయనా, ముందు డాక్టరుకు చూపిద్దాం" అన్నాడు కొడుకు. మంచి మాట. డాక్టరు పడుకోబెట్టి బి.పి. చూశాడు. పై అంకె 150. నిలబెట్టి మూడు నిమిషాలకు మళ్లీ చూశాడు. 118. ఇరవై తగ్గితేనే జబ్బు కింద లెక్క. డాక్టరు మాత్ర మార్చాడు. లేచేముందు గుంటగట్టు మీద కాసేపు కూర్చుని, పిక్కలు బిగించి వదిలి, తర్వాత లేవమన్నాడు. నీళ్లు బాగా తాగమన్నాడు. ఉప్పు మాత్రం సొంతంగా పెంచుకోరాదు. బి.పి. ఉన్నవాళ్లకు అది చేటు.

ఎవరైనా పడితే లేపి కూర్చోబెట్టొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టండి. తెలివి రాకముందే నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నిమిషంలో తెలివి రాకపోయినా, ఎదలో నొప్పి ఉన్నా, గుండె దడదడలాడి పడినా, బరువు పని చేస్తూ పడినా 108కి ఫోన్ చేయండి.