లైవ్ రావట్లేదా? నెట్‌ని తిట్టే ముందు బ్రౌజర్‌ని చూడండి

ఈ వారం పాఠం పురాణం మీద కాదండి, బ్రౌజర్ మీద. తిరుమల బ్రహ్మోత్సవాలు మొదలైతే చాలు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలకు ఇంటి నుంచి ఒకటే ఫోన్: "బిడ్డా, లైవ్ వస్తలేదు."

గద్వాల వాళ్లకు అవి మామూలు రోజులు కావు. బ్రహ్మోత్సవాలకు శ్రీవారికి ఏటా వెళ్లే ఏరువాడ జోడు పంచెలు నేసేది ఆ ఊరి మగ్గాల మీదే. సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అది. పంచెలు పంపిన ఊళ్లో వాహన సేవ చూద్దామని కూర్చుంటే తెర మీద గుండ్రం తిరుగుతూ ఉంటే ఎట్లా ఉంటుంది చెప్పండి!

మనమేమో "అక్కడ సిగ్నల్ ఉండదులే అమ్మా" అని ఫోన్ పెట్టేస్తాం. నల్లమల వైపు అమ్రాబాద్ లాంటి చోట్ల అది నిజం కావచ్చు. కానీ అదే ఫోన్‌లో వేరే వీడియో హాయిగా ఆడుతోందంటే తప్పు నెట్‌ది కాకపోవచ్చు. కాబట్టి మొదట అడగాల్సింది "వస్తుందా, రాదా" అని కాదు. "తెర మీద ఏం కనిపిస్తోంది?" అని అడగండి. వీలైతే స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో తెప్పించుకోండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

లైవ్ అనేది ఒకే ధారగా రాదు. కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. బ్రౌజర్ ఒక్కో ముక్కను తెచ్చుకుంటూ కలిపి ఆడిస్తుంది. నెట్ నెమ్మదిగా ఉంటే సాధారణంగా ముందు బొమ్మ మసకబారుతుంది, తర్వాత ఆగుతుంది. అసలు మొదలే కాకపోతే అనుమానం బ్రౌజర్ మీదకు పోవాలి. అప్పుడు అదే లింక్‌ని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిపించండి. అక్కడ వస్తే, పాత కుకీలో, ఏదో యాడ్ బ్లాకరో అడ్డుపడుతున్నట్టు. రెండు నిమిషాల పని.

బొమ్మ వస్తుంది, మంత్రాలు వినపడవు అంటారా? అది చెడిపోవడం కాదు. 2018 నుంచి క్రోమ్, మనం నొక్కకుండా దానంతట అది మొదలయ్యే వీడియోల శబ్దాన్ని ఆపేస్తోంది. అందుకే చాలా సైట్లు మ్యూట్‌లోనే మొదలుపెడతాయి. స్పీకర్ గుర్తు మీద ఒక్కసారి నొక్కితే చాలు. శబ్దం వచ్చి తెర నల్లగానో, పచ్చగానో ఉంటే మాత్రం కంప్యూటర్‌లో క్రోమ్ సెట్టింగ్స్, సిస్టమ్‌లోకి వెళ్లి గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి చూడాలి.

ఇక ఇంట్లో మూలనున్న పాత కంప్యూటర్ సంగతి. విండోస్ 7 ఉంటే క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయి ఉంటుంది, 2023 తర్వాత దానికి కొత్తది రాలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో అయితే అసలు ప్రయత్నించకండి. ఇంకో విచిత్రం ఉంది. "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని వస్తే అందరూ వైరస్ అనుకుంటారు. చాలాసార్లు అది తారీఖు తప్పు! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ అయిపోతే, కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు చెల్లుబాటు తేదీలుంటాయి కదా, ఆ పాత తారీఖుతో పోల్చి బ్రౌజర్ వాటిని ఒప్పుకోదు. తారీఖు సరిచేస్తే లైవ్ వచ్చేస్తుంది. బ్యాటరీ మార్చేదాకా మళ్లీ మళ్లీ సరిచేయాల్సిందే అనుకోండి.

ఐఫోన్ ఉన్నవాళ్లకు ఒక మాట. మన దేశంలో అమ్మే ఐఫోన్లలో క్రోమ్ వేసినా, ఫైర్‌ఫాక్స్ వేసినా లోపల ఇంజిన్ సఫారీదే. బ్రౌజర్ మార్చడం కన్నా ఐఓఎస్ అప్‌డేట్ చేయడం మేలు. ఆండ్రాయిడ్‌లో అయితే ప్లే స్టోర్‌లో క్రోమ్‌తో పాటు ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ కూడా అప్‌డేట్ చేయించండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో నొక్కిన లింక్ ఆ యాప్ లోపలే తెరుచుకుని మొరాయిస్తుంటే, పైనున్న మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్‌లో తెరవమనాలి.

ఇది మాత్రం అమ్మానాన్నలకు గట్టిగా చెప్పండి: "వీడియో చూడాలంటే ప్లేయర్ ఇన్‌స్టాల్ చేయండి" అని ఏ పేజీ అడిగినా వెంటనే మూసేయాలి. ఫ్లాష్ ప్లేయర్ 2020 డిసెంబర్ 31తోనే ముగిసిపోయింది. ఇప్పుడు దాని పేరు చెప్పి ఫైలు దించుకోమనేవాడు లైవ్ చూపించడానికి రాలేదు, మీ నాయిన ఫోన్‌లో బ్యాంక్ యాప్ కోసం వచ్చాడు.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఉత్సవం రోజు దాకా ఆగకండి. ముందే క్రోమ్ అప్‌డేట్ చేసి, తారీఖు చూసి, సరైన లింక్‌ని హోమ్ స్క్రీన్ మీద పెట్టి, అమ్మ చేతనే ఒకసారి నొక్కించి చూడండి.