షాపుకి ఏ బండి కొనాలి? ఒక సరళరేఖ లెక్క

చిన్న వ్యాపారం చేసేవాళ్లు బండి కొనేటప్పుడు మామూలుగా అడిగే ప్రశ్నలు మూడు. ఏ కంపెనీ మంచిది? మైలేజీ ఎంత ఇస్తుంది? అమ్మితే ఎంత వస్తుంది? మూడూ అడగాల్సినవే. కానీ వీటికంటే ముందు అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. ఆ బండి రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరగాలి? అందులో ఎంతమంది కూర్చోవాలి? వీటికి జవాబు తెలియకుండా షోరూముకి వెళ్తే, ఏ బండి కొనాలో సేల్స్ కుర్రాడే నిర్ణయిస్తాడు.

మా బాబాయికి నరసరావుపేటలో బోరు మోటార్ల రివైండింగ్ షాపు ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో మోటారు కాలిపోతే వీళ్లు వెళ్లి బోరులోంచి లాగి, షాపుకి తెచ్చి, బాగుచేసి మళ్లీ దించాలి. ఆయనా, ముగ్గురు పనివాళ్లూ, చైన్ పుల్లీ, టూల్ పెట్టెలు, ఒకటో రెండో మోటార్లు. రోజుకి సగటున 70 కిలోమీటర్లు. ఇన్నాళ్లూ అద్దె ఆటోతో నెట్టుకొచ్చి, ఇప్పుడు సొంత బండి కొనాలనుకున్నాడు. "ఏరా, ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, ఏ బండి తీసుకోవాలో చెప్పు" అన్నాడు. నాలుగేళ్ల చదువులో ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న మీద వేసిన లెక్క.

ఇంటర్లో చదివిన సరళరేఖ సమీకరణం గుర్తుందా? వై ఈక్వల్ టు ఎంఎక్స్ ప్లస్ సి. బండి ఖర్చు కూడా అంతే. కదలకుండా షెడ్డులో నిలబడినా అయ్యే ఖర్చు 'సి'. కిలోమీటరు నడిస్తే అయ్యే ఖర్చు 'ఎం', అంటే వాలు. ఎక్స్ అంటే తిరిగిన దూరం. మైలేజీ అనేది వాలు ఒక్కటే. మనవాళ్లు వాలు చూసి బండి కొంటారు, అంతరఖండం సంగతి వాయిదాలు కట్టేటప్పుడు తెలుస్తుంది.

అంకెలు పెట్టి చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న ధరలు. మీ ఊరి ధరలు వేరుగా ఉంటే అవి పెట్టుకోండి, పద్ధతి మారదు. బండి అయిదేళ్లు వాడతాం. మొత్తం డబ్బూ 10 శాతం వడ్డీకి అయిదేళ్ల లోను. ఈ లెక్కన లక్షకి నెల వాయిదా 2,125 రూపాయలు, అయిదేళ్లలో లక్షకి వడ్డీయే 27,500 దాకా అవుతుంది.

మొదటిది పెట్రోలు వ్యాను. ఆన్‌రోడ్ 6.5 లక్షలు, అయిదేళ్ల తర్వాత 2.75 లక్షలకి అమ్ముడుపోతుందనుకుందాం. అంటే పోయింది 3.75. వడ్డీ 1.79. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు కలిపి ఏడాదికి 45 వేలు, అయిదేళ్లకి 2.25. మొత్తం 7.79 లక్షలు. ఇది అంతరఖండం. ఇంకా తాళం తిప్పలేదు! నెలకి పంచితే 13 వేలు. నెలలో ఎనిమిది రోజులే పనుండి, రోజుకి 1,500 చొప్పున అద్దె బండి దొరికేటట్లయితే 12 వేలతో పోతుంది. అలాంటివాళ్లు అసలు బండి కొనకపోవడమే మంచిది. ఈ మాట ఏ షోరూములోనూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇక వాలు. మారుతీ ఈకో పెట్రోలు మోడల్‌కి కంపెనీ చెప్పే మైలేజీ 19.71, సి.ఎన్.జి. మోడల్‌కి కిలోకి 26.78. ఇవి ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి కొలిచిన అంకెలు. అక్కడ గుంతలుండవు, గేదెలు అడ్డం రావు, వెనక రెండు మోటార్లూ ముగ్గురు మనుషులూ ఉండరు. అందుకే పెట్రోలుకి 15, సి.ఎన్.జి.కి 22 పెట్టుకున్నాను. పెట్రోలు 110 అనుకుంటే కిలోమీటరుకి 7 రూపాయల 33 పైసలు.

రెండోది అదే వ్యాను సి.ఎన్.జి.లో. ఆన్‌రోడ్ 7.5, అమ్మితే 3.25. వడ్డీ 2.06, నిర్వహణ ఏడాదికి 50 వేలు. అంతరఖండం 8.81 లక్షలు. గ్యాసు కిలో 95 అయితే వాలు 4 రూపాయల 32 పైసలు.

మూడోది చిన్న ఎలక్ట్రిక్ కారు. ఆన్‌రోడ్ 11 లక్షలు, అమ్మితే 3.5 అనుకున్నాను. పాత బ్యాటరీ బండి అంటే కొనేవాడు భయపడతాడు కాబట్టి కావాలనే తక్కువ వేశాను. వడ్డీ 3.02, నిర్వహణ 2.25. అంతరఖండం 12.77 లక్షలు. మీటరు దగ్గర కొలిస్తే యూనిట్‌కి 6 కిలోమీటర్లు, షాపు కరెంటు యూనిట్ 10 రూపాయలు. వాలు 1 రూపాయి 67 పైసలే.

ఆ వాలు ఎందుకంత తక్కువో చెప్పకపోతే మెకానికల్ వాడినైనందుకు సిగ్గుచేటు. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల కరెంటుకి సమానమైన శక్తి ఉంటుంది. దానితో మన వ్యాను 15 కిలోమీటర్లు నడిచింది, అంటే యూనిట్‌కి 1.7. ఎలక్ట్రిక్ బండి అదే యూనిట్‌తో 6 నడుస్తోంది. మిగతా పెట్రోలు శక్తిలో ఎక్కువ భాగం రేడియేటర్‌లోంచీ సైలెన్సర్‌లోంచీ వేడిగా పోతోంది. నరసరావుపేట ఎండకి మనం డబ్బిచ్చి ఇంకాస్త వేడి కలుపుతున్నామన్నమాట.

ఇప్పుడు మూడు రేఖలూ ఒకే గ్రాఫు మీద గీయండి. నెలకి 25 రోజుల పని, అయిదేళ్లకి 1,500 రోజులు. పెట్రోలు రేఖా సి.ఎన్.జి. రేఖా దాదాపు 34 వేల కిలోమీటర్ల దగ్గర ఖండించుకుంటాయి, అంటే రోజుకి 23. సి.ఎన్.జి. రేఖా ఎలక్ట్రిక్ రేఖా దాదాపు లక్షా 49 వేల దగ్గర, అంటే రోజుకి 100. జవాబంతా ఈ రెండు బిందువుల్లో ఉంది. రోజుకి 23 లోపు తిరిగేవాడికి పెట్రోలు చవక. 23 నుంచి 100 దాకా సి.ఎన్.జి. చవక. 100 దాటితే ఎలక్ట్రిక్. ఏ బండీ దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. మీ ఎక్స్ ఎంత అన్నదే ప్రశ్న.

బాబాయి 70 దగ్గర ఉన్నాడు. ఆయనకి అయిదేళ్లలో పెట్రోలు 15.49 లక్షలు, సి.ఎన్.జి. 13.35, ఎలక్ట్రిక్ 14.52. పెట్రోలు కంటే సి.ఎన్.జి.తో నెలకి 3,500 మిగులుతుంది. అయితే కాగితం మీద మిగిలినదంతా చేతికి రాదు. సిలిండర్‌లో 10 కిలోల దాకా పడుతుంది, అంటే 220 కిలోమీటర్లు. నెలకి ఎనిమిదిసార్లు నింపాలి. ఒక్కోసారి బంకు దగ్గర అరగంట క్యూ అనుకుంటే నాలుగు గంటలు. బండిలో కూలి తీసుకునే ముగ్గురు కూర్చుని ఉంటే పన్నెండు పనిగంటలు. గంటకి వంద చొప్పున 1,200 పోయింది. బంకు దారిలో కాకుండా పక్కకి వెళ్లాల్సిన చోట ఉంటే ఇంకొంత. క్యూలో పనివాళ్లతో నిలబడకుండా రాత్రి ఇంటికెళ్లేటప్పుడు ఒక్కడే నింపుకుంటే ఆ 1,200 తిరిగొస్తుంది. సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు చేయించాలన్నదీ మర్చిపోకూడదు.

ఎలక్ట్రిక్‌లో ఉన్న తమాషా వేరు. మన లెక్కలో అది లాభసాటి అయ్యేది 100 దాటాక. చిన్న బ్యాటరీ బండికి బరువుతో, ఏసీతో దారి మధ్యలో ఆగిపోతుందేమోనన్న భయం మొదలయ్యేదీ ఆ 100 దాటాకే. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న బండి మీద రోజుకి 120కి మించి నేను ఆధారపడను. పట్టణంలో ఒకే రూట్లో తిరుగుతూ మధ్యాహ్నం షాపుకి వచ్చి ఒక గంట చార్జింగ్ పెట్టుకోగల కొరియర్, మందుల డిస్ట్రిబ్యూటర్ లాంటివాళ్లకి ఇది చక్కగా కుదురుతుంది. ఏ ఊరినుంచి ఫోన్ వస్తుందో తెలియని బోరు పనికి అంత కుదరదు. తెలంగాణ వాళ్లకి మాత్రం లెక్క ఇంకాస్త మారుతుంది. అక్కడ 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 చివరిదాకా ఎత్తేశారు. అంతరఖండం ఆ మేరకు దిగుతుంది.

డీజిల్ గురించి ఒక ముక్క. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 వచ్చాక మారుతీ డీజిల్ కార్లే మానేసింది. కొత్త డీజిల్ బండికి సైలెన్సర్‌లో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలాలంటే బండి కొంతసేపు వేగంగా, వేడిగా నడవాలి. బజారులో ఆగుతూ సాగుతూ తిరిగే షాపు బండికి ఆ అవకాశం ఉండదు, ఫిల్టరు మూసుకుపోతుంది. హైవే మీద తిరిగేవాళ్లకి తప్ప నేను చెప్పను.

ఇంతవరకూ లెక్క. కానీ బాబాయి నిర్ణయాన్ని తిప్పేసింది లెక్క కాదు, జి.ఎస్.టి.తో మొదలైన మాట.

2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు, 1,200 సి.సి. లోపు పెట్రోలు, సి.ఎన్.జి. కార్లకి జి.ఎస్.టి. 18 శాతం. సరుకు బండ్లకీ 18. ఎలక్ట్రిక్‌కి 5. తేడా ఎక్కడంటే, డ్రైవరుతో కలిపి 13 సీట్లు లేదా అంతకంటే తక్కువ ఉన్న ప్యాసింజర్ బండి మీద కట్టిన జి.ఎస్.టి.ని మామూలు వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోలేడు. టాక్సీ నడిపేవాళ్లకీ, డ్రైవింగ్ స్కూలు వాళ్లకీ, బండ్లు అమ్మేవాళ్లకీ మాత్రం మినహాయింపు. సరుకు బండికి ఈ అడ్డు లేదు. కాబట్టి అదే వ్యాను కార్గో మోడల్ తీసుకుంటే, 6 లక్షల షోరూము ధరలో సుమారు 91,500 రూపాయల క్రెడిట్ వస్తుంది. బిల్లు షాపు జి.ఎస్.టి. నంబరు మీద ఉండాలి, కాంపోజిషన్ పద్ధతిలో ఉండకూడదు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. మామూలు కారు లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా బండి నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా తేల్చింది. కొత్త బండికి రెండేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించడం తప్ప పెద్ద తంటా లేదు. "ఇంకేం, కార్గో తీసుకుందాం, 90 వేలు ఊరికే వస్తున్నాయి" అన్నాడు బాబాయి.

కార్గోలో సీట్లు రెండే. పనివాళ్లు ముగ్గురు. ఒకడు ముందు కూర్చుంటే మిగతా ఇద్దరూ వెనక, మోటార్ల పక్కన, ఇనుప గొలుసుల మీద. మన జిల్లాల్లో ఇది రోజూ కనబడే దృశ్యమే, అందుకే ఎవరికీ తప్పనిపించదు. బండి సడన్ బ్రేకు కొడితే అరవై కిలోల మోటారు ఎటు దొర్లుతుందో ఆలోచించండి. ఇంకొక సంగతి. బండికి ఎన్ని సీట్లని ఆర్.సి.లో రాసి ఉందో అంతకు మించి ఎక్కినవాళ్లకి పాలసీ వర్తించదని ఇన్సూరెన్సు కంపెనీ కోర్టులో వాదిస్తుంది. ఆ వాదన నిలిస్తే పరిహారం యజమాని చేతినుంచి కట్టాలి. 91,500 క్రెడిట్ ఆ పక్కన పెట్టి చూస్తే చాలా చిన్న అంకె. నలుగురు వెళ్లే పనికి నాలుగు సీట్లు లేని బండి వద్దని నేను గట్టిగా చెప్పాను, పిన్ని నాకంటే గట్టిగా చెప్పింది. చివరికి అయిదు సీట్ల సి.ఎన్.జి. వ్యాను, సామాను కదలకుండా సీటు వెనక ఇనుప జాలీ, మోటార్లు కట్టడానికి బెల్టులు అని తేలింది. ఆ జాలీ, బెల్టుల ఖర్చు కూడా అంతరఖండంలోదే.

తెల్లబోర్డు బండిని పెళ్లిళ్ల సీజన్లో అద్దెకి తిప్పుకుంటే వాయిదా గడుస్తుందని ఒకాయన సలహా ఇచ్చాడు. అద్దెకి తిప్పేది పసుపు బోర్డు బండే కావాలి. తెల్లబోర్డుతో తిప్పుతుండగా ప్రమాదం జరిగితే మళ్లీ ఇన్సూరెన్సు పేచీయే.

ఇక "కారు కొంటే ఇన్‌కంటాక్సు తగ్గుతుంది" అన్న మాట. వ్యాపారానికి వాడే కారుకి ఏడాదికి 15 శాతం తరుగుదల చూపించుకోవచ్చు, కొన్న ఏడాది 180 రోజులకంటే తక్కువ వాడితే అందులో సగం. నిజమే. కానీ మా బాబాయిలాంటి చాలామంది లెక్కల పుస్తకాలు రాయరు. టర్నోవర్‌లో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై 6 శాతం లాభమని చూపించి టాక్సు కట్టేస్తారు. ఆ పద్ధతిలో తరుగుదల అందులోనే కలిసిపోయినట్లు లెక్క, విడిగా తగ్గించుకోవడానికి ఏమీ మిగలదు. మీ ఇంట్లో ఎవరైనా షాపు కోసం కారు కొనబోతూ ఈ మాట చెబితే, రిటర్ను ఏ పద్ధతిలో వేస్తున్నారో ముందు ఆడిటర్‌ని అడగమనండి.

బాబాయి ఇంకా బుక్ చేయలేదు. 70 అనేది ఆయన నోటి లెక్క. ఒక నెలపాటు అద్దె ఆటో మీటరు రీడింగు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నోటు పుస్తకంలో రాయమన్నాను. మొదటి పది రోజుల సగటు 58 వచ్చింది.