రోగి శయ్యకడ తత్త్వపాఠము

రోగమునకు ఔషధము, ఆకలికి ఆహారము లోకమున కలవు. కాని క్యాన్సరు వ్యాధితో మంచము పట్టినవారు అర్ధరాత్రివేళ అడుగు కొన్ని ప్రశ్నలకు మందులపెట్టెలో సమాధానము దొరకదు. "అమ్మా, నేనేం పాపం చేశానని నాకీ జబ్బు వచ్చింది?" "ఇన్నేళ్లు బతికి ఏం సాధించినట్టు?" "నేను పోతే నా పిల్లల గతేమిటి?" వైద్యుడు వచ్చి చూచి వెళ్లు కొద్ది నిమిషములలో ఈ మాటలు వెలువడవు. దీపము తగ్గించి పక్క సర్దుచున్న నర్సు చేయి పట్టుకొని రోగి అడుగును. ఆమె ఏమి చెప్పవలెను? రక్తపుపోటు కొలుచుట నేర్పిన విద్య ఈ ఘడియకు చాలునా?

చావు, ఒంటరితనము, బ్రతుకునకు గల అర్థము అను విషయములను గూర్చిన విచారమునకు పాశ్చాత్యులు అస్తిత్వ చింతనయని పేరిడిరి. మన పెద్దల ఆత్మవిచారమునకు ఇది సమీపమైనదే గాని రెండును ఒకటి కావు. ఆత్మవిచారము నిత్యవస్తువును అన్వేషించును. అస్తిత్వ చింతన, మిగిలిన కొలది దినములను మనిషి ఏ దృష్టితో స్వీకరించునో పరిశీలించును. నర్సుకు మొదట కావలసినది ఈ రెండవది.

ఇంగ్లండున సిసిలీ సాండర్స్ (1918–2005) అను వనిత మొదట నర్సుగా పనిచేసి, పిదప వైద్యవిద్య నభ్యసించి, 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్స్ అను వైద్యాశ్రమమును స్థాపించెను. అవసానదశలోని రోగి బాధ దేహమునకు మాత్రమే చెందినది కాదనియు, మనోవ్యథ, కుటుంబ చింత, ఆధ్యాత్మిక వేదన అందు కలిసియుండుననియు ఆమె బోధించెను. వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ (1905–1997) నాజీల నిర్బంధ శిబిరములలో తలిదండ్రులను, సోదరుని, భార్యను పోగొట్టుకొనియు, జీవితమున అర్థము మూడు ద్వారములగుండ లభించునని ప్రతిపాదించెను. చేసిన పని మొదటిది. పొందిన ప్రేమ, అనుభవము రెండవది. తప్పింపరాని దుఃఖము ఎడల వహించు వైఖరి మూడవది. మంచము దిగలేని రోగికి మొదటి ద్వారము మూతపడవచ్చును గాని మూడవది కడవరకు తెరచియే యుండును.

ఈ భావములను నర్సులకు పాఠముగా చెప్పిన ప్రయత్నములును కలవు. కెనడాలోని క్వెబెక్ రాష్ట్రమున అవసానదశ రోగులను సేవించు 109 మంది నర్సులతో జరిగిన పరిశీలన 2009లో ప్రకటింపబడినది. ఫ్రాంకెల్ బోధల ననుసరించి వారమున కొకటి చొప్పున నాలుగు సమావేశములు జరిపిరి. తాము చేయు పనివలన తమకు కలుగు మేలును ఆ నర్సులు మునుపటికంటె అధికముగ గుర్తించిరి. కాని వారి మనస్తాపము, ఆధ్యాత్మిక స్థితి అంతగా మారలేదు. నాలుగు పాఠములతో ముగియు విద్య కాదిది అని దీనినిబట్టి గ్రహింపవలెను.

మన వాఙ్మయమున ఈ విద్యకు మూలకథ కఠోపనిషత్తునందు కలదు. మరణానంతర విషయమును నచికేతుడు అడుగగా యముడు వెంటనే చెప్పలేదు. పుత్రపౌత్రులను, గోవులను, ఏనుగులను, బంగారమును ఇత్తునని ఆ ప్రశ్నను మరలింప జూచెను. బాలుడు విడువలేదు. రోగి మృత్యువు ప్రస్తావన తెచ్చినపుడు "ఆ మాటలెందుకు, ముందు పాలు తాగండి" అని మాట మార్చువారందరును యముని మొదటి పనినే చేయుచున్నారు. అయితే యముడు అడుగనివానికి బోధింపనూ లేదు. ప్రశ్నను తప్పింపరాదు, అడుగనిదే ఉపదేశింపరాదు అను రెండు నియమములు ఈ కథలోనే యున్నవి.

భక్తులు మిక్కిలి జాగరూకత వహింపవలసిన చోటు మరియొకటి కలదు. "అంతా పూర్వజన్మ కర్మ" అను మాట రోగి చెవిని పడరాదు. కర్మసిద్ధాంతము తన నడతను తాను దిద్దుకొనుటకు ఏర్పడినది గాని ఎదుటివాని పుండుపై కారము చల్లుటకు కాదు. శ్రీరామకృష్ణ పరమహంస గొంతు క్యాన్సరుతో కాశీపూరు తోటయింట 1886 ఆగస్టు 16న దేహము చాలించిరి. శ్రీరమణమహర్షి ఎడమచేతిపై లేచిన వ్రణమునకు పలుమార్లు శస్త్రచికిత్స జరిగియు 1950 ఏప్రిల్ 14న నిర్యాణము చెందిరి. ఆ మహనీయుల వ్యాధిని పాపఫలమని యెవ్వరనగలరు? కాశీపూరున యువశిష్యులు వంతులవారిగా గురువునకు చేసిన పరిచర్యయే వారిని ఒక సంఘముగ బంధించినది.

కావున నర్సులకు బోధించువారు ఈ క్రమము ననుసరించుట మేలు. మొదట ప్రతి నర్సును తన మరణమును గూర్చి, తన యింట తాను చూచిన చావులను గూర్చి తోడివారితో మాటలాడవలెను. తన భయమును ఎరుగనివారు ఇతరుల భయముకడ నిలువలేరు. రెండవది వినుట. పాపమేమి చేసితినని అడిగిన వృద్ధురాలితో "పెద్దమ్మా, ఏ తప్పూ చేయకపోయినా ఈ జబ్బు రావచ్చు. మీ మనసులో ఏముందో చెప్పండి, వింటాను" అని కుర్చీ దగ్గరకు లాగుకొని కూర్చుండుట గొప్ప వైద్యము. మూడవది, రోగి విశ్వాసమునే ఊతగా గొనుట. వైష్ణవునకు నామస్మరణము, ముస్లిమునకు తన నమాజు, క్రైస్తవునకు తన ప్రార్థన, దైవమును నమ్మనివానికి మనుమరాలి ముఖము ఆధారమగును. నర్సు తన మతమును అచట ప్రవేశపెట్టరాదు. నాలుగవది, చేయదగిన చిన్న కార్యమును చూపుట. దూరమైన తమ్మునికి ఒక జాబు, కోడలికి ఒక మంచిమాట, పిల్లలకు తన చిన్ననాటి ముచ్చట చెప్పుట ఆ దినమునకు అర్థము కల్పించును. అయిదవది, నర్సు కన్నీటికిని తావుండవలెను. అనాసక్తియనగా జాలి లేకుండుట కాదు. చేయవలసినది చేసి, ఫలము తన చేతిలో లేదని ఎరుగుటయే అనాసక్తి.

శుకయోగి పరీక్షిత్తుకు శాపమును తొలగింపలేదు. ఏడు దినముల గడువు ఏడు దినములుగానే యుండెను. ఆ ఏడు దినములును రాజు ఒంటరిగా గడుపలేదు. అదియే శుకుడు చేసిన మేలు. ఆయువును పెంచుట వైద్యుని చేతను లేని వేళ, ఉన్న ఆయువును ఒంటరితనమునకు విడువకుండుట నర్సు చేతిలో నున్నది. ఆ సేవ నారాయణునకే చెందును.