పాత క్యాసెట్‌లోని గొంతుని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

మా తాతయ్య చెప్పిన కథలు ఒక 60 నిమిషాల క్యాసెట్‌లో ఉన్నాయి, ఇంకో కాపీ లేదు. టేపు తెగితే ఆ గొంతు మళ్లీ దొరకదు. అందుకే దాన్ని ఫైల్‌గా మార్చాను. మీ దగ్గరా అలాంటివి ఉంటే ఇలా చేయండి.

1. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి 3.5 ఎంఎం కేబుల్‌ని కంప్యూటర్ వెనక నీలం రంగు లైన్-ఇన్‌కి కలపండి. గులాబీ రంగుది మైక్ కోసం, అందులో పెడితే సౌండ్ పగలొచ్చు. లైన్-ఇన్ లేని ల్యాప్‌టాప్‌కి, అది ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కావాలి.

2. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 44100 హెర్ట్జ్ ఎంచుకోండి. గట్టిగా వినిపించే చోట మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుని రికార్డ్ చేయండి. రికార్డింగ్‌లోనే పగిలిన సౌండ్‌ని తర్వాత పూర్తిగా బాగుచేయలేం.

3. ముందు వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి దాచేయండి. 16 బిట్ స్టీరియోలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే క్యాసెట్ మొత్తం 600 ఎంబీ దాకా వస్తుంది. చోటు తక్కువైతే ఫ్లాక్ వాడండి, క్వాలిటీ తగ్గదు.

4. బుస్సుమనే శబ్దం తగ్గించాలంటే మాటలు లేని ముక్కని సెలెక్ట్ చేసి, నాయిస్ రిడక్షన్‌లో నాయిస్ ప్రొఫైల్ తీసుకోండి. తర్వాత మొత్తానికి అప్లై చేయండి. మరీ ఎక్కువ పెడితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

5. బంధువులకు పంపడానికి 128 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, నిమిషానికి 1 ఎంబీ లోపే. కానీ ఎంపీ3లో పోయిన వివరాలు దాన్ని తిరిగి వేవ్‌గా మార్చినా రావు. అందుకే అసలు ఫైల్‌ని రెండు చోట్ల ఉంచండి. క్యాసెట్‌ని కూడా పారేయకండి!