టీసీ ఇవ్వకపోతే చదువు ఆగాలా?

కూలి దొరికిన నెల ఫీజు కడతాం. దొరకని నెల ఎక్కడి నుంచి తేవాలి?

ప్రైవేటు బడిలో బాకీ పడ్డాం. పిల్లను సర్కారు బడిలో వేద్దామంటే, "బాకీ కట్టు, అప్పుడే టీసీ" అంటారు. చాలా ఇళ్లలో కొడుకు కోసం అప్పు తెచ్చి కడతారు. కూతుర్నయితే పత్తి చేనుకు తీసుకుపోతారు. ఇదేం న్యాయం?

అక్కల్లారా! విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సర్కారు బడిలో ఫీజు లేదు. టీసీ అడిగిన వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైనా సర్కారు బడి పిల్లను చేర్చుకోవాల్సిందే. పుట్టిన తేదీ కాగితం లేకపోయినా అంతే. ఈ హక్కు ఎనిమిదో తరగతి దాకానే ఉంది. అదొక లోటు.

పిల్లను వెంటబెట్టుకుని వెళ్లండి. చేర్చుకోమంటే మండల విద్యాధికారికి అర్జీ పెట్టండి. ఇప్పుడు రాయడం వచ్చు కదా, మీరే రాయండి. నకలు ఒకటి దగ్గర ఉంచుకోండి.