బహువచనం దాచుకున్న జ్ఞాపకం
(పోర్చుగీసు, తెలుగు భాషల తులనాత్మక పాఠం)

కొన్నేళ్ళ క్రిందట టొరాంటోలో ఒక శనివారం తెలుగు తరగతిలో జరిగిన చిన్న సంఘటనతో ఈ పాఠం ప్రారంభిస్తాను. ఆరేళ్ళ పాప ఒకతె బల్ల మీది అరటిపండ్లను చూపి "రెండు పండులు" అన్నది. వెనుక కూర్చున్న పెద్దలమందరం నవ్వాము. మా నవ్వులో ఎగతాళి లేదు, ముద్దే ఉన్నది. కాని ఆ తేడా పాపకు తెలియలేదు. ఆనాడు ఆమె మరి తెలుగులో మాట్లాడలేదు. ఏది అడిగినా ఇంగ్లీషులోనే బదులు చెప్పింది.

ప్రక్క గదిలో పోర్చుగీసు తరగతి జరుగుతున్నది. విరామ సమయంలో అక్కడి బామ్మగారొకరితో ఈ సంగతి చెప్పాను. తన మనుమడు కూడా రొట్టెల విషయంలో సరిగా ఇటువంటి పొరపాటే చేస్తాడని ఆమె అన్నారు. ఎక్కడి తెలుగు, ఎక్కడి పోర్చుగీసు! ఈ రెండు పొరపాట్లకు మూలం ఒకటేనా అన్న ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

పోర్చుగీసు వారు కెనడాకు క్రొత్తవారు కారు. లాబ్రడార్ అన్న పేరు జువఁవు ఫెర్నాండెస్ లవ్రదోర్ అనే పోర్చుగీసు నావికుని వలన వచ్చినదే. 'లవ్రదోర్' అంటే సేద్యగాడు. ఆధునిక కాలంలో 1953 మే 13న 'సాటుర్నియా' అనే ఓడ పోర్చుగీసు వలసదారులను హాలిఫాక్స్ రేవుకు చేర్చింది. వారి వెనుక అజోర్స్ దీవుల నుండి, పోర్చుగల్ నుండి వేలమంది తరలివచ్చారు. టొరాంటోలో డండాస్ వీధి పడమటి భాగాన 'లిటిల్ పోర్చుగల్' అలా ఏర్పడినదే. 1977లో ఒంటారియో ప్రభుత్వం ప్రారంభించిన వారసత్వ భాషల పథకం వారి పిల్లలకూ, మన పిల్లలకూ ఒకే విధంగా తలుపు తెరిచింది.

సులభమైన సూత్రాలు

పోర్చుగీసు పదాలను తెలుగు లిపిలో వ్రాస్తూ, ముక్కుతో పలికే అచ్చును మన అరసున్నతో (ఁ) చూపుతున్నాను. పదాంతంలోని 'స్'ను పోర్చుగల్ వారు 'ష్'గా పలుకుతారు. ఇక్కడ వ్రాతను అనుసరించి 'స్' అనే వ్రాశాను.

ఒకటవ సూత్రం: అచ్చుతో అంతమయ్యే పదానికి 'స్' చేర్చాలి. లివ్రు (పుస్తకం) – లివ్రుస్. కాజ (ఇల్లు) – కాజస్.

రెండవ సూత్రం: పదం చివర 'ర్' గాని, 'జ్' గాని ఉంటే 'ఎస్' చేర్చాలి. ఫ్లోర్ (పువ్వు) – ఫ్లోరెస్. పైన చెప్పిన లవ్రదోర్ – లవ్రదోరెస్.

మూడవ సూత్రం: 'ల్'తో అంతమయ్యే పదాలలో సాధారణంగా 'ల్' లోపించి 'య్స్' వస్తుంది. అనిమాల్ (జంతువు) – అనిమాయ్స్. పపెల్ (కాగితం) – పపెయ్స్. ఫ్రెంచి నేర్చుకునే మన పిల్లలకు 'అనిమాల్ – అనిమో' పరిచితమే. అక్కడ కూడా 'ల్' నిలువలేదు, అయితే మారిన తీరు వేరు.

తెలుగులో విశేషణం మారదు. 'తెల్ల ఇల్లు', 'తెల్ల ఇళ్ళు' అంటాము. పోర్చుగీసులో నామవాచకంతో పాటు విశేషణం కూడా మారుతుంది. కాజ బ్రాంక – కాజస్ బ్రాంకస్.

చిక్కు ఎక్కడ?

బామ్మగారి మనుమడిని తికమక పెట్టినది నాలుగవ తరగతి పదాలు. ఇవన్నీ ఏకవచనంలో 'అఁవు' అనే ఒకే ధ్వనితో అంతమవుతాయి. బహువచనంలో మాత్రం మూడు దారులు పడతాయి.

మఁవు (చేయి) – మఁవుస్
పఁవు (రొట్టె) – పఁయ్స్
లియఁవు (సింహం) – లియోఁయ్స్

పిల్లవాడు ఒకటవ సూత్రాన్ని పట్టుకొని 'పఁవుస్' అన్నాడు. న్యాయంగా చూస్తే అతడు చెప్పినదే సూత్రబద్ధం! మరి భాష ఎందుకు ఒప్పుకోదు?

దీనికి జవాబు చరిత్రలో ఉన్నది. పోర్చుగీసుకు తల్లి లాటిన్. అందులో ఈ మూడు పదాల అంతాలు వేరువేరు. పొరుగు భాష స్పానిష్ ఆ భేదాన్ని నేటికీ నిలుపుకొన్నది: మానో – మానోస్, పాన్ – పానెస్, లెయోన్ – లెయోనెస్. పోర్చుగీసులో సుమారు వెయ్యేళ్ళ క్రిందట రెండు అచ్చుల నడుమ ఉన్న 'న'కారం కరిగిపోయి, పోతూపోతూ ప్రక్క అచ్చుకు ముక్కుధ్వనిని అంటించి పోయింది. అచ్చుల నడుమ 'ల'కారానికి కూడా ఇదే గతి పట్టింది. 'అనిమాలెస్' కావలసినది 'అనిమాయ్స్' కావడానికి కారణం అదే. ఆ తరువాతి శతాబ్దాలలో ఏకవచనాలు మూడూ కలిసిపోయి 'అఁవు' అయినాయి. బహువచనాలు మాత్రం కలియలేదు. అనగా ఏకవచనం మరచిపోయినదానిని బహువచనం జ్ఞాపకం ఉంచుకొన్నది.

ఈ ముక్కుధ్వనిని చూపడానికి పోర్చుగీసు వారు అచ్చు మీద చిన్న అల వంటి గీతను వ్రాస్తారు. అది పూర్వం లేఖకులు అక్షరం పైన కుదించి వ్రాసిన 'న'కారమే. మన అరసున్న కూడా ఇటువంటిదే కదా!

ఈ పదాల బహువచనాన్ని ఊహించడానికి ఒక ఉపాయం ఉన్నది. ఇంగ్లీషులోగాని, ఫ్రెంచిలోగాని 'ఓఎన్' అక్షరాలతో ముగిసే జంటపదం దొరికితే, బహువచనం దాదాపుగా 'ఓఁయ్స్' అవుతుంది. నేషన్ – నసఁవు – నసోఁయ్స్. లయన్ – లియఁవు – లియోఁయ్స్.

తెలుగు అద్దంలో

ఇప్పుడు మన భాష వైపు తిరుగుదాము. తెలుగులో బహువచన ప్రత్యయం 'లు'. చిన్నయసూరి బాలవ్యాకరణంలోని ఆచ్ఛిక పరిచ్ఛేదం చదివినవారికి, ఈ ఒక్క అక్షరం చేరేటప్పుడు ఎన్ని మార్పులు కలుగుతాయో తెలుసు. కత్తి – కత్తులు, పుస్తకం – పుస్తకాలు, ఊరు – ఊళ్ళు, చెట్టు – చెట్లు.

'పండు'కు 'లు' చేరినప్పుడు నడుమ 'ఉ'కారం లోపించి 'పండ్లు' అవుతుంది. తెలంగాణ, రాయలసీమ వాసుల నోట ఇది నేటికీ వినబడుతుంది. కోస్తా జిల్లాలలో అది మరింత కరిగి 'పళ్ళు' అయినది. నోటిలోని 'పన్ను'కు కూడా బహువచనం 'పళ్ళే'. పోర్చుగీసులో ఏకవచనాలు కలిసిపోయి బహువచనాలు విడిగా నిలిచాయి. ఇక్కడ బహువచనాలు కలిసిపోయి ఏకవచనాలు విడిగా నిలిచాయి.

అచ్చంగా పోర్చుగీసు తీరున నడచిన పదం కూడా మనకున్నది. పూర్వం 'వాండు' అన్న మాట 'వాఁడు' అయి, నేడు అరసున్న కూడా పోయి 'వాడు'గా మిగిలింది. కాని రాయలసీమ పల్లెలలో బహువచనం నేటికీ 'వాండ్లు'. ఏకవచనం పోగొట్టుకొన్న 'ణ'కార ధ్వని బహువచనంలో భద్రంగా ఉన్నది. వాడుకలో ఉన్న ఈ రూపాన్ని మోటు అని కొట్టివేయరాదు. అది భాష దాచుకొన్న పాత దస్తావేజు.

వలస వచ్చిన మాటలు

మచిలీపట్నం తీరానికి పోర్చుగీసు వర్తకులు పదహారవ శతాబ్దంలోనే వచ్చారు. అల్మారా, మేస్త్రీ, పాదిరీ, అనాస, పీపా మొదలైనవి మన దేశభాషలకు పోర్చుగీసు నుండి వచ్చిన మాటలు. వాటిలో రెండింటిని ప్రత్యేకంగా చూడండి. చొక్కా గుండీని వారు 'బుతఁవు' అంటారు. మనవారి చెవికి అది 'బొత్తాం'. బహిరంగంగా పాట పెట్టి అమ్మడాన్ని వారు 'లెయ్‌లఁవు' అంటారు. అది మనకు 'వేలం' అయినది. రెండింటిలోనూ వారి ముక్కుధ్వని మన 'అం'గా కుదిరింది. కుదిరిన వెంటనే పుస్తకం – పుస్తకాలు వలెనే బొత్తాలు, వేలాలు అయినాయి. పుట్టినింటి బహువచనాలైన బుతోఁయ్స్, లెయ్‌లోఁయ్స్ ఓడలోనే ఉండిపోయినాయి. మన ఇళ్ళలో కారు – కార్లు, రోడ్డు – రోడ్లు అనడం కూడా ఈ కోవలోదే. వలస వచ్చిన మాట క్రొత్త ఊరి బహువచనాన్ని స్వీకరించిన నాడు ఆ ఊరిదే అవుతుంది.

పాప చేసినది తప్పా?

1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక ప్రసిద్ధ ప్రయోగాన్ని ప్రకటించారు. లోకంలో లేని ఒక జంతువు బొమ్మ గీసి, దానికి 'వగ్' అని పేరు పెట్టి చిన్నపిల్లలకు చూపారు. తరువాత రెండు బొమ్మలు చూపి "ఇప్పుడు ఇక్కడ రెండు ..." అనే వాక్యాన్ని పూర్తి చేయమన్నారు. ఎన్నడూ వినని ఆ మాటకు పిల్లలు చాలావరకు సరియైన బహువచనం చెప్పారు. పిల్లలు విన్న మాటలను వల్లించడమే గాక, వినికిడి నుండి సూత్రాన్ని స్వయంగా గ్రహిస్తారని దీనివలన తేలింది.

కనుక 'పండులు' అన్న పాప తెలుగు సూత్రాన్ని గ్రహించింది. ఆమెకు ఇంకా అందనిది చరిత్ర మాత్రమే. 'పళ్ళు' అనే రూపం సూత్రం వలన రాదు, వందసార్లు వినడం వలన వస్తుంది. ఆంధ్రదేశంలో పెరిగే బిడ్డకు ఆ వందసార్లు ఒక్క నెలలో, బజారులో, వంటింట్లో వినబడతాయి. ఇక్కడి బిడ్డకు వినిపించవలసినవారము మనమే. మనం నవ్వితే ఆ బిడ్డ మాట్లాడడం మానుతుంది. మానిన బిడ్డతో మనమూ ఇంగ్లీషులోకి దిగుతాము. చివరకు వినే అవకాశమే పోతుంది.

అందుచేత తల్లిదండ్రులకు, తాతయ్య అమ్మమ్మలకు ఒక మనవి. పిల్లలు "పండులు" అన్నప్పుడు నవ్వవద్దు, తప్పని ఆపవద్దు. "అవునమ్మా, రెండు పళ్ళున్నాయి. నీకొకటి కావాలా?" అని మాట కొనసాగించండి. సవరణ సంభాషణలోనే జరిగిపోతుంది.

ఇంటి అభ్యాసం

అ) బహువచనాలు చెప్పండి: 1. కాలు 2. నుయ్యి 3. బండి 4. గుర్రం
ఆ) పోర్చుగీసు బహువచనాలు ఊహించండి: 5. జుర్నాల్ (వార్తాపత్రిక) 6. ముల్యేర్ (స్త్రీ) 7. ఎస్తసఁవు (స్టేషన్)

జవాబులు: 1. కాళ్ళు 2. నూతులు 3. బండ్లు, బళ్ళు 4. గుర్రాలు 5. జుర్నాయ్స్ 6. ముల్యేరెస్ 7. ఎస్తసోఁయ్స్.

రెండవ ప్రశ్నకు మీ పిల్లలు 'నుయ్యిలు' అని జవాబిస్తే, వారికి సూత్రం వచ్చినట్లే. 'నూతులు' అన్న మాట ఆ వారంలో నాలుగుసార్లు వారి చెవిని పడేటట్లు చూడండి.